హీటరో పంపో పాడై రీఫ్ ట్యాంక్ దెబ్బతింటే మళ్లీ ఎలా నిలబెట్టుకోవాలి?

ఉదయం లేచి ట్యాంక్ దగ్గరికి వస్తారు. నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా ఉంటాయి. చేపలు పైకి తేలి గుటకలు మింగుతుంటాయి. నిన్న రాత్రి దాకా పువ్వుల్లా విచ్చుకుని ఉన్న కోరల్స్ (ఉప్పునీళ్ల రీఫ్ ట్యాంక్‌లో పెంచే పగడపు జీవులు) ముడుచుకుపోయి ఉంటాయి. గదంతా నీచు వాసన.

నాకు ఇలాంటి ఉదయం ఒకటి ఎదురైంది. రాత్రి ఎప్పుడో హీటర్ లోపలి స్విచ్ అతుక్కుపోయి, అది ఆగకుండా వేడి చేస్తూనే ఉంది. నేను చూసేసరికి థర్మామీటర్ 33 డిగ్రీలు చూపిస్తోంది. కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ కంగారులో ఒకేసారి సగానికి పైగా నీళ్లు మార్చేశాను. రాళ్లు బయటకు తీసి తోమాను. హీటర్ దెబ్బను తట్టుకున్న కోరల్స్ కొన్ని ఆ తర్వాతి వారంలో నా పనుల వల్లే పోయాయి. ఆ బాధ ఇంకొకరికి రాకూడదనే ఇది రాస్తున్నాను.

ఇలాంటి ప్రమాదంలో మొదటి గంట చురుగ్గా కదలాలి, ఆ తర్వాత వారాల తరబడి నిదానంగా నడవాలి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. మొదటి గంట టెన్షన్‌తో ఫోన్‌లో వెతుకుతూ గడిపేసి, తర్వాత ఒక్క రోజులో అన్నీ సరిచేయాలని చూస్తారు. అందుకే కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి. నిమిషాల్లో చంపేవాటిని ముందు పెట్టాను, గంటల్లో చంపేవాటిని తర్వాత, రోజుల్లో చంపేవాటిని చివర.

1. నీళ్లలో చెయ్యి పెట్టకముందే కరెంటు తీయండి

ఉప్పునీళ్లలో కరెంటు బాగా పారుతుంది. పగిలిన హీటరో, తొడుగు చిట్లిన పంపు వైరో లోపల ఉంటే ట్యాంక్ మొత్తానికి కరెంటు వచ్చి ఉండవచ్చు. చేపలు మామూలుగానే ఈదుతున్నాయి కదా అని ధీమా పడకండి. చేప నేలను తాకి ఉండదు, మీరు తాకి ఉంటారు.

పొడి చేతులతో, కాళ్లకు చెప్పులు వేసుకుని ప్లగ్గులన్నీ గోడ దగ్గర తీయండి. నేల తడిసి ఉన్నా, ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద నీళ్లు పడినా దాన్ని ముట్టుకోకుండా మెయిన్ స్విచ్ దగ్గరే ఆపండి. హీటర్ పగిలి ఉంటే గాజు ముక్కలు ఇసుకలోకి వెళ్లి ఉంటాయి, మందపాటి గ్లవ్స్ లేకుండా వెతకవద్దు.

2. ఊపిరి అందించండి

దెబ్బతిన్న ట్యాంక్‌లో చేపలను ముందుగా చంపేది ఎక్కువసార్లు ఆక్సిజన్ కొరతే. 35 పీపీటీ (వెయ్యిలో ఇన్ని వంతులు) ఉప్పదనం ఉన్న నీళ్లు 25 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను మాత్రమే పట్టి ఉంచగలవు. 30 డిగ్రీలకు వెళ్తే అది 6.2కు పడిపోతుంది. మంచినీళ్ల ట్యాంక్‌తో పోలిస్తే మొదటినుంచే తక్కువ. పైగా నీళ్లు వేడెక్కిన కొద్దీ చేపలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, కుళ్లుతున్న ప్రతి జీవి మీదా బాక్టీరియా ఇంకొంత తాగేస్తుంది. ఇచ్చేది తగ్గి, వాడకం పెరిగినప్పుడు లోటు వేగంగా ముదురుతుంది.

బాగానే ఉన్నాయని నిర్ధారించుకున్న పరికరాలను మాత్రమే, ఒక్కొక్కటిగా తిరిగి ప్లగ్ పెట్టండి. వేవ్‌మేకర్ (ట్యాంక్‌లో ప్రవాహం పుట్టించే పంపు) మూతిని పైకి తిప్పి నీటి పైభాగం బాగా కదిలేలా చేయండి. ఎయిర్ పంప్ ఉంటే ఎయిర్ స్టోన్ వేయండి. స్కిమ్మర్ (గాలి బుడగలతో మురికిని నురగగా తీసే పరికరం) నడుస్తుంటే ఆపకండి, గాలిని నీటిలో కలిపే పనిముట్లలో అది మొదటి వరుసలో ఉంటుంది. గది కిటికీలు తెరవండి.

కరెంటే లేకపోతే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ వాడాలి. అదీ లేకపోతే ఒక శుభ్రమైన మగ్గుతో ట్యాంక్ నీళ్లు తీసి, జానెడు ఎత్తు నుంచి తిరిగి పోయండి. పది పదిహేను నిమిషాలకోసారి కొంతసేపు ఇలా చేస్తూ ఉంటే చేపలు గంటల తరబడి నిలబడతాయి. ఇంత చిన్న పని ట్యాంక్‌ను కాపాడుతుందా అనిపిస్తుంది. కాపాడుతుంది, నమ్మండి.

ఇక్కడే ఒక జాగ్రత్త. గంటల తరబడి ఆగిపోయిన కానిస్టర్ ఫిల్టర్‌ను, మీడియా రియాక్టర్‌ను (నీటిని వడకట్టే పదార్థం, అంటే మీడియా నింపిన మూసి ఉన్న డబ్బాలు) నేరుగా ఆన్ చేయకండి. కదలని నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి, కుళ్లిన గుడ్ల వాసన వచ్చే విషవాయువు తయారై ఉండవచ్చు. లోపలి నీళ్లు పారబోసి, మీడియాను ఉప్పునీళ్లతో కడిగి అప్పుడు పెట్టండి.

ఒకటి రెండు రోజులు మేత వేయవద్దు. ఆరోగ్యంగా ఉన్న చేప ఆ మాత్రం పస్తుకు ఏమీ కాదు.

3. చనిపోయినవాటిని వెతికి తీయండి

కనిపించే చేపను తీయడం తేలికే. రాళ్ల వెనక దాక్కుని చనిపోయినదాన్ని తీయడమే అసలు పని. ఎన్ని చేపలు ఉండాలో లెక్క రాసుకుని, ఎన్ని కనిపిస్తున్నాయో చూడండి. నత్తలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని వాసన చూడండి. బతికి ఉన్న నత్త తలుపు మూసుకుని బిగుసుకుంటుంది. చచ్చినదైతే వాసనే చెబుతుంది, ఇక అనుమానం అక్కర్లేదు. సంప్‌లోనూ (ట్యాంక్ కింద పరికరాలు ఉండే రెండో తొట్టి), నీళ్లు అందులోకి దిగే ఓవర్‌ఫ్లో గదిలోనూ వెతకండి.

ఎనిమోన్ (పువ్వులా కనిపించే మెత్తటి సముద్ర జీవి) విషయంలో ఆలస్యం చేయవద్దు. అది ముడుచుకుని చిన్నగా అయిపోవడం మామూలే, దానికి భయపడనక్కర్లేదు. నోరు వెళ్లబెట్టి, రాయిని వదిలేసి, పట్టుకుంటే ముక్కలుగా ఊడి వస్తుంటే మాత్రం వెంటనే బయటకు తీయాలి. వేవ్‌మేకర్‌లో ఇరుక్కుని నలిగిపోయిన ఎనిమోన్ ఒక్కటి ట్యాంక్ మొత్తాన్ని పాడుచేయగలదు. చనిపోయిన సీ కుకుంబర్ కూడా అంతే, దాని ఒంట్లోని విషం చేపలను చంపుతుంది. చనిపోతున్న మెత్తటి కోరల్స్ కూడా నీళ్లలోకి తమ రక్షణ రసాయనాలు వదులుతాయి. అందుకే కొత్త యాక్టివేటెడ్ కార్బన్ ఇప్పుడే వేయండి. ప్రవాహం బాగా ఉండే చోట పెట్టండి, రెండో రోజు తీసేసి మళ్లీ కొత్తది వేయండి. కార్బన్ దగ్గర పిసినారితనం పనికిరాదు.

4. ఏదైనా పోసే ముందు కొలవండి

ఇప్పుడు ఒక పుస్తకం తీసుకుని తేదీ, టైమ్ వేసి ఈ అంకెలు రాయండి: వేడి, ఉప్పదనం, పీహెచ్, ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే, కోరల్స్ ఎముక కట్టడానికి వాడుకునే కార్బొనేట్ల కొలత, దీన్ని డీకేహెచ్‌లలో చెబుతారు), అమ్మోనియా. కాల్షియం, మెగ్నీషియం, నైట్రేట్, ఫాస్ఫేట్ సాయంత్రం చూసినా పరవాలేదు.

మామూలు రోజుల్లో రీఫ్ ట్యాంక్‌కు వేడి 24 నుంచి 27 డిగ్రీలు, ఉప్పదనం 35 పీపీటీ, పీహెచ్ 7.9 నుంచి 8.4, ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షలలో ఇన్ని వంతులు), అమ్మోనియా సున్నా ఉండాలి. మీ ట్యాంక్ ఈ హద్దుల నుంచి ఏ అంకెలో ఎంత దూరం వెళ్లిందో చూస్తే ఏ పరికరం దెబ్బతీసిందో సగం అర్థమైపోతుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకున్నాకే దాని మాట నమ్మండి. తప్పు చూపే పనిముట్టును నమ్మి ఉప్పు సరిచేయడం రెండో ప్రమాదం అవుతుంది.

ఇంకో పని, చాలామంది మరిచిపోయేది: కాల్షియం, ఆల్కలినిటీ ద్రావణాలను కొద్దికొద్దిగా పోసే డోసింగ్ పంపులన్నీ (డోసర్లు) ఆపండి. డోసర్ తప్పు చేయకపోయినా సరే ఆపండి. దెబ్బతిన్న కోరల్స్ ఎముక కట్టడం మానేస్తాయి. అంటే ఆల్కలినిటీ, కాల్షియం వాడకం ఆగిపోతుంది. డోసర్ మాత్రం పాత లెక్కనే పోస్తూ ఉంటుంది. నాలుగు రోజులు తిరిగేసరికి ఆల్కలినిటీ 12కు ఎక్కి, బతికినవి కూడా చివర్ల నుంచి కాలిపోవడం మొదలవుతుంది. నా ట్యాంక్‌లో జరిగింది సరిగ్గా ఇదే. నేను హీటర్‌నే తిడుతూ కూర్చున్నాను, డోసర్ వైపు చూడలేదు.

5. ఏది పాడైందో దాన్ని బట్టి

హీటర్ ఆగకుండా వేడి చేస్తే: లైట్లు ఆపండి. నీటి పైభాగం మీదికి ఫ్యాన్ పెట్టండి. నీళ్లు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీల వేడిని లాగేస్తాయి. మూత గట్టిగా బిగించిన సీసాల్లో ఐసు నింపి సంప్‌లో తేలవేయవచ్చు. ఐసు ముక్కలను నేరుగా నీళ్లలో వేయవద్దు, ఉప్పదనం పడిపోతుంది. గంటకు ఒక డిగ్రీ చొప్పున దిగితే చాలు. ఫ్యాన్ వల్ల ఆవిరయ్యే నీళ్లకు బదులు ఆర్‌ఓ నీళ్లు (ఫిల్టర్‌తో శుద్ధి చేసిన మంచినీళ్లు) పోస్తూ ఉండండి.

హీటర్ చచ్చిపోయి నీళ్లు చల్లబడితే: ఇది కొంచెం మేలు. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ ఉంటుంది. 20, 21 డిగ్రీల దగ్గర ఒక రాత్రి గడిచినా చాలా జీవులు తట్టుకుంటాయి. రెండు గంటలకు ఒక డిగ్రీ చొప్పున పెంచండి.

ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన నీళ్లను దానంతటదే నింపే పరికరం) ఆగకుండా మంచినీళ్లు పోస్తే: 200 లీటర్ల ట్యాంక్‌లో 20 లీటర్ల మంచినీళ్లు అదనంగా పడితే ఉప్పదనం 35 నుంచి 32 కిందికి వస్తుంది. పైపు లీకై ఉప్పునీళ్లు నేల మీదికి పోతూ, ఆ లోటును టాప్ ఆఫ్ మంచినీళ్లతో నింపుతూ పోతే ఇంకా ఘోరం, ఎందుకంటే సంప్‌లో మట్టం మామూలుగానే కనిపిస్తుంది. నేల తడిసి ఉంటే ఉప్పదనం తప్పక కొలవండి. చేపలు తక్కువ ఉప్పును బాగానే ఓర్చుకుంటాయి. నక్షత్ర చేపలు, సీ అర్చిన్‌లు, రొయ్యలు ఓర్చుకోవు. అయినా ఉప్పును గబగబా పెంచకూడదు, రోజుకు ఒక పీపీటీకి మించవద్దు. దీనికి తేలికైన దారి ఉంది. రోజూ ఆవిరయ్యే నీళ్లకు బదులు మంచినీళ్లు కాకుండా 35 పీపీటీ ఉప్పునీళ్లు పోయండి. 200 లీటర్ల ట్యాంక్‌లో రోజుకు 4 లీటర్లు ఆవిరైతే, ఇలా చేస్తే రోజుకు దాదాపు 0.7 పీపీటీ పెరుగుతుంది. ఏ లెక్కలూ లేకుండా అదే మెల్లగా సరిపోతుంది. 35కు చేరిన రోజు మళ్లీ మంచినీళ్లకు మారిపోండి.

టాప్ ఆఫ్ నీళ్లలో కాల్క్ (కాల్షియం కోసం కలిపే సున్నం) కలిపి ఉంటే: ఇది వేరే కథ. చిక్కగా కరిగిన కాల్క్ నీటి పీహెచ్ 12 పైన ఉంటుంది. అది ఒక్కసారిగా పడితే ట్యాంక్ తెల్లగా మబ్బు పడుతుంది, పీహెచ్ 9 దాకా ఎగబాకవచ్చు. మబ్బును చూసి భయపడకండి, అందులో ఎక్కువ భాగం సున్నపు పొడి, రెండు రోజుల్లో దిగిపోతుంది. చూడాల్సింది పీహెచ్‌ను. గాలి బాగా కలపండి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ దాన్ని కిందికి లాగుతుంది. 8.6 దాటి ఉంటే ఏమీ కలపని సోడా నీళ్లు గానీ, తెల్ల వెనిగర్ గానీ ప్రవాహం బలంగా ఉన్న చోట కొద్దికొద్దిగా పోయవచ్చు. వెనిగర్ అయితే 4 లీటర్ల ట్యాంక్ నీటికి 1 మిల్లీలీటరు మించకుండా పోసి ఆగండి. పీహెచ్ దాదాపు 0.3 దాకా దిగవచ్చు. మళ్లీ కొలిచి, అవసరమైతేనే ఇంకొంచెం. వెనిగర్‌ను బాక్టీరియా తినేటప్పుడు ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి ఎయిర్ స్టోన్ తీయకండి.

డోసర్ ఆల్కలినిటీని ఎక్కువగా పోస్తే: యాసిడ్ పోసి దించాలని చూడకండి. డోసర్ ఆపి, రోజుకు పదో వంతు నీళ్లు మారుస్తూ వదిలేయండి. వారంలో అదే దిగుతుంది. ఈ రోజుల్లో నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా సున్నాకు పోనివ్వకండి. ఈ పోషకాలు లేని నీళ్లలో ఎక్కువ ఆల్కలినిటీ కొమ్మ కోరల్స్ చివర్లను కాల్చేస్తుంది.

పంపు లోపలి అయస్కాంతం తొడుగు పగిలి తుప్పు పడితే, లేదా హీటర్ లోపలి లోహం నీళ్లలో కలిస్తే: గుర్తు ఏమిటంటే చేపలు హాయిగా ఉంటాయి, నత్తలు మాత్రం అద్దం మీంచి జారి పడుతుంటాయి, రొయ్యలు చచ్చిపోతాయి. రాగి లాంటి లోహాలు వెన్నెముక లేని జీవులనే ముందు పట్టుకుంటాయి. పాడైన పరికరాన్ని తీసేశాక, లోహాలను పీల్చే రెజిన్ గానీ, అదే పని చేసే పాలీ-ఫిల్టర్ అనే మెత్త గానీ పెట్టండి. పాలీ-ఫిల్టర్ నీలం రంగుకు తిరిగితే రాగి ఉన్నట్టు. వీలైతే నీటి శాంపిల్‌ను ల్యాబ్‌లో చేసే ఐసీపీ టెస్ట్‌కు పంపండి, ఏ లోహం ఎంత ఉందో అంకెల్లో వస్తుంది. మిగతా పంపులన్నీ విప్పి అయస్కాంతాలు చూడండి. ఒకే వయసు పంపులు ఒకేసారి పాడవడం నేను చూశాను.

6. నీళ్లు మార్చడం

కొత్త ఉప్పునీళ్లు ఎంత మంచివైనా, పాత నీళ్లకు వేరుగా ఉంటే అవీ ఒక దెబ్బే. మొదటి రోజు పాతిక శాతం మించకుండా మార్చండి. అమ్మోనియా పెరుగుతుంటే మర్నాడు ఇంకో పదిహేను శాతం, ఆ మర్నాడు ఇంకోసారి. వేడి ఒక డిగ్రీ తేడాలోపు, ఆల్కలినిటీ ఒక డీకేహెచ్ తేడాలోపు ఉండాలి. ట్యాంక్ ఉప్పదనం ఇప్పుడు తక్కువగా ఉంటే కొత్త నీళ్లూ ఇంచుమించు దానికి దగ్గరగానే కలపండి, పెంచే పని ఆవిరి దారిలో చూసుకోవచ్చు.

ఉప్పు కలిపిన వెంటనే పోయవద్దు. పంపు పెట్టి కొన్ని గంటలు తిప్పాలి. లీటరుకు సుమారు 36 నుంచి 38 గ్రాములు పడుతుంది, ప్యాకెట్ మీది లెక్క చూసి, చివర్లో కొలిచి సరిచేసుకోండి. కొళాయి నీళ్లు ఎంత అవసరం వచ్చినా వద్దు. లోహం కలిసిందని తెలిస్తే మాత్రం ఈ పాతిక శాతం హద్దు దాటవచ్చు, విషాన్ని లోపల ఉంచుకోవడం కంటే అదే నయం.

7. అమ్మోనియాతో రెండు వారాల కాపలా

అమ్మోనియాను తినే బాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండదు. రాళ్ల మీద, ఇసుక మీద, సంప్ గోడల మీద పొరగా బతుకుతుంది. అందుకే లైవ్ రాక్‌ను (ఆ బాక్టీరియా పట్టిన ట్యాంక్ రాళ్లను) కొళాయి కింద కడగడం, తోమడం ఘోరమైన తప్పు. నీళ్లలోని క్లోరిన్ ఆ పొరను చంపేస్తుంది. ఆ పొర ఉన్న ట్యాంక్ కొన్ని రోజుల్లో కోలుకుంటుంది. లేని ట్యాంక్‌ను దాదాపు కొత్తగా మొదలుపెట్టినట్టే. రాళ్లు ఉన్నచోటే ఉంచండి, వాటి మీది చెత్తను పెద్ద సిరంజితో ఊది, పైపుతో లాగేయండి. ఇసుకను లోతుగా కలపవద్దు.

మొదటి వారం రోజూ, రెండో వారం రోజు విడిచి రోజు అమ్మోనియా కొలవండి. అది రెండు రూపాల్లో ఉంటుంది, అందులో ఒకటే ఎక్కువ విషం. పీహెచ్ 0.3 పెరిగితే ఆ విషపు వాటా దాదాపు రెట్టింపు అవుతుంది. అందుకే ఈ రోజుల్లో పీహెచ్ పెంచే మందులు జోలికి పోవద్దు. అమ్మోనియాను బంధించే కండిషనర్ వాడవచ్చు, కానీ వాడాక కూడా చాలా టెస్ట్ కిట్లు అమ్మోనియా ఉన్నట్టే చూపిస్తాయి. ఆ అంకె చూసి మళ్లీ మళ్లీ పోస్తూ పోకండి. సీసాల్లో వచ్చే బాక్టీరియా ఇప్పుడు పనికొస్తుంది. నైట్రైట్ గురించి బెంగ వద్దు. ఉప్పునీళ్లలో ఉండే క్లోరైడ్ వల్ల అది చేపలకు పెద్దగా హాని చేయదు.

8. కోరల్స్‌ను ఒక్కొక్కటిగా చూడండి

ఇక్కడ తొందరపడి ఎన్నో కోరల్స్‌ను బతికుండగానే పారేస్తుంటారు. తెల్లబడిన ప్రతిదీ చచ్చిపోయినట్టు కాదు. కోరల్ ఒంట్లో ఉండే సూక్ష్మమైన శైవలాలే దానికి రంగునూ, తిండిలో ఎక్కువ భాగాన్నీ ఇస్తాయి. వేడి ఎక్కువైతే కోరల్ వాటిని బయటకు పంపేస్తుంది. అప్పుడు ఒళ్లు గాజులా మారి లోపలి తెల్లటి ఎముక కనిపిస్తుంది. సముద్రంలో 1998లోనూ 2016లోనూ విస్తారమైన పగడపు దిబ్బలు తెల్లబడింది ఇదే విధంగా. తెల్లబడ్డాక కోలుకున్నవి అక్కడా ఉన్నాయి.

తేడా ఎలా తెలుసుకోవాలి? లైట్లు ఆరిన గంట తర్వాత టార్చి వేసి పక్క నుంచి చూడండి. తెల్లటి ఎముక మీద పల్చటి జెల్లీ పొర మెరుస్తుందా? చిన్న చిన్న తంతువులు బయటకు వచ్చాయా? వస్తే అది బతికే ఉంది, ఆకలితో ఉంది. ఎముక అంచులు పదునుగా, పొడిగా కనిపించి, మూడు నాలుగు రోజుల్లో దాని మీద పచ్చటి పాచి పడితే అక్కడ ఒళ్లు లేనట్టు. ఒకే కోరల్ మీద సగం అలా, సగం ఇలా ఉండవచ్చు. బతికిన సగం కోసం ఆ రాయిని ఉంచండి.

తెల్లబడినవాటికి లైటు తగ్గించాలి. రంగు పోయిన ఒంటికి పాత వెలుతురు మండుటెండ లాంటిది. లైట్లను మామూలులో మూడో వంతుకు దించి, మూడు నాలుగు రోజులకోసారి ఐదు శాతం చొప్పున పెంచండి. పాత స్థాయికి చేరడానికి నెలన్నర పట్టినా పరవాలేదు. అమ్మోనియా సున్నాకు వచ్చాక తిండి పెట్టండి. పెద్ద నోరున్న కోరల్స్‌కు మైసిస్ రొయ్యల ముక్కలు, చిన్నవాటికి పొడి మేత, వారానికి రెండు సార్లు. పంపులు కాసేపు ఆపి సిరంజితో నోటి దగ్గరే వదలండి. తినకపోతే వదిలేసి, మిగిలింది తీసేయండి. రంగు తిరిగి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ముందు నోటి చుట్టూ లేత గోధుమ రంగు నీడ కనిపిస్తుంది. ఆ నీడ కనిపించిన రోజు కలిగే సంతోషం మాటల్లో చెప్పలేను.

కొమ్మ కోరల్స్‌లో అడుగు నుంచి ఒళ్లు ఊడిపోతూ పైకి వస్తుంటే ఎదురుచూడకండి. ఊడుతున్న గీతకు కనీసం ఒక సెంటీమీటరు పైన, ఆరోగ్యంగా ఉన్న చోట కత్తిరించి ఆ ముక్కను (దీన్నే ఫ్రాగ్ అంటారు) వేరే రాయి మీద అతికించండి. మొత్తం పోయేకన్నా మూడు ముక్కలు మిగిలినా కొన్నేళ్లలో మళ్లీ చెట్టవుతుంది. హామర్, టార్చ్ అనే రకాల కోరల్స్ మీద గోధుమ రంగు జిగురు కనిపిస్తే, పంపులు ఆపి, ఆ జిగురు పక్కవాటి మీద పడకుండా పైపుతో లాగేసి, అయోడిన్ డిప్ ఇచ్చి (అయోడిన్ కలిపిన నీళ్లలో కాసేపు ముంచి) విడిగా ఉంచండి.

జోయాంతిడ్‌లు, పాలిథోవా (గుండీల్లా గుంపుగా పెరిగే మెత్తటి జీవులు) ఉన్న రాళ్లతో మాత్రం ప్రాణం జాగ్రత్త. వీటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే చాలా ప్రమాదకరమైన విషం ఉంటుంది. గ్లవ్స్, కళ్లజోడు లేకుండా వాటిని కోయవద్దు, తోమవద్దు. ఆ రాయిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఉడకబెట్టవద్దు, వేడినీళ్లు పోయవద్దు. ఆవిరితో విషం గాలిలోకి చేరి ఇంట్లో అందరినీ ఆస్పత్రి పాలు చేసిన ప్రమాదాలు జరిగాయి. ఇలాంటి పని చేశాక నోట్లో లోహపు రుచి, జ్వరం, ఊపిరి ఆడకపోవడం, కళ్ల మంట ఏది వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లి, పాలిటాక్సిన్ అని పేరు చెప్పండి. డాక్టర్‌కు ఆ మాట ఎంతో సాయం చేస్తుంది.

9. పాచి వస్తుంది, రానివ్వండి

రెండో మూడో వారంలో రాళ్ల మీద గోధుమ రంగు పొర, ఆ తర్వాత పచ్చటి పాచి కనిపిస్తాయి. చనిపోయినవాటి నుంచి వచ్చిన నైట్రేట్, ఫాస్ఫేట్ ఎటో ఒకవైపు వెళ్లాలి కదా. చేత్తో పీకండి, నీళ్లు మారుస్తూ ఉండండి, అంతే. ఫాస్ఫేట్ పీల్చే మీడియా మొత్తం ఒకేసారి వేసి సున్నా చేయాలని చూడకండి. పోషకాలు సున్నాకు పడిపోయిన ట్యాంక్‌లో డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు) పట్టుకునే ప్రమాదం ఉంది. గోధుమ రంగు చీమిడి తీగల్లా, చివర్లో గాలి బుడగలతో వేలాడేవి అవి. పాచిని వదిలించుకోవడం వాటిని వదిలించుకోవడం కంటే ఎంతో తేలిక. నైట్రేట్ 5 పీపీఎం దగ్గర, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంచితే చాలు.

10. పరికరాలను ఈసారి వేరుగా అమర్చండి

ఎంత మంచి పరికరమైనా ఒక రోజు పాడవుతుంది, అలా పాడైనప్పుడు ట్యాంక్‌ను చంపలేని విధంగా అమర్చుకోవాలి.

ఒక పెద్ద హీటర్ బదులు రెండు చిన్నవి పెట్టండి. ఒకటి అతుక్కుపోయినా ఒంటరిగా ట్యాంక్‌ను ఉడికించలేదు, ఒకటి చచ్చిపోయినా రెండోది కాస్తుంది. రెండింటినీ బయటి టెంపరేచర్ కంట్రోలర్‌కు కలిపి, హీటర్ సొంత సెట్టింగ్‌ను కంట్రోలర్ కంటే ఒక డిగ్రీ పైన ఉంచండి. అప్పుడు ఒకటి తప్పినా ఇంకొకటి ఆపుతుంది. హీటర్ ఇంకా పనిచేస్తోంది కదా అని ఏళ్ల తరబడి ఉంచకండి, రెండేళ్లకు మార్చేయండి.

టాప్ ఆఫ్ డబ్బా చిన్నదిగా ఉండాలి. మొత్తం ఖాళీ అయినా ట్యాంక్ తట్టుకునేంత నీళ్లే అందులో ఉంచండి. డోసింగ్ సీసాలకూ ఇదే లెక్క. సంప్ నుంచి ట్యాంక్‌లోకి నీళ్లు తెచ్చే రిటర్న్ పైపుకు నీటి మట్టం కిందనే చిన్న రంధ్రం చేస్తే, పంపు ఆగినప్పుడు ఆ రంధ్రం గాలి పీల్చి వెనక్కి కారడాన్ని తెంపేస్తుంది. నెలకోసారి అందులో పాచి తీయండి. పంపు ఆపి సంప్ పొంగకుండా ఉంటుందో లేదో మీ కళ్లతో చూసుకోండి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, నత్త పిల్ల ఒకటి ఇరుక్కున్నా అది మూసుకోదు. ఒక వేవ్‌మేకర్‌కు బ్యాటరీ బ్యాకప్, ట్యాంక్ సర్క్యూట్‌కు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్), ప్రతి వైరూ ప్లగ్‌కు ముందు కిందికి వేలాడి వెళ్లేలా ఒక వంపు, ఇవి తప్పనిసరి. ఒక అదనపు పంపు, ఒక హీటర్, ఒకసారి నీళ్లు మార్చడానికి సరిపడా ఉప్పు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. ఇలాంటి ప్రమాదాలు షాపులు మూసి ఉన్న వేళల్లో కూడా జరుగుతాయి.

11. డోసర్ మళ్లీ ఎప్పుడు ఆన్ చేయాలి

కొత్త చేపను, కొత్త కోరల్‌ను అమ్మోనియా వరసగా నాలుగు వారాలు సున్నాలో ఉన్నాకే తీసుకురండి. ఖాళీ అయిన చోటు చూడలేక ముందే తెచ్చి పెట్టాలనిపిస్తుంది, ఆ కోరికను ఆపుకోండి.

ఈలోపు రోజూ ఒకే వేళకు ఆల్కలినిటీ కొలిచి ఆ పుస్తకంలో రాస్తూ ఉండండి. మొదట్లో అంకె కదలదు. 8.4, 8.4, 8.4. నీళ్లు మారిస్తే కాస్త మారుతుంది, మళ్లీ అక్కడే ఆగుతుంది. వారాలు గడుస్తాయి. ఒక రోజు 8.3 వస్తుంది, కిట్ తప్పేమో అనుకుంటారు. మర్నాడు 8.1. ఆ మర్నాడు 7.9. కోరల్స్ మళ్లీ ఎముక కడుతున్నాయని అర్థం, రంగు పూర్తిగా తిరిగి రాకముందే ఈ అంకె ఆ కబురు చెబుతుంది. ఆ రోజు డోసర్‌ను పాత లెక్కలో నాలుగో వంతు దగ్గర పెట్టి ఆన్ చేయండి. మూడు రోజులు కొలిచి చూసి, ఆల్కలినిటీ ఇంకా తగ్గుతుంటే కొంచెం పెంచండి.